డ్రైనేజీ కోసం అప్పు, చేతిలో అత్యవసర నిధి సున్నా: ఇల్లు ఇలా కట్టకండి

ప్రశ్న: సొంతిల్లు కట్టుకుంటున్నాం. పునాది, దాని మీద గోడల కింద వచ్చే కాంక్రీటు దూలం (ప్లింత్ బీమ్) అయ్యాయి. లోపల మట్టి నింపాల్సి ఉంది. హోమ్‌లోన్ మొదటి విడతతో పాటు మా అత్యవసర నిధి కూడా మొత్తం ఖర్చయిపోయింది. డ్రైనేజీ తన అంచనాలో లేదని కాంట్రాక్టర్ ఇప్పుడు చెబుతున్నారు. పైపులు, వాటిని శుభ్రం చేయడానికి కట్టే మూత ఉన్న చిన్న తొట్లు (చాంబర్లు), వాననీటి లైను కలిపి నా నాలుగు నెలల జీతమంత అవుతుందట. పర్సనల్ లోన్ తీసుకోమంటారా? లేక ఇప్పటికి వదిలేసి, ఇంట్లో చేరాక చూసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. డ్రైనేజీ ఇప్పుడే వేయించాలి, పర్సనల్ లోన్ లేకుండానే వేయించాలి. అంచనాలో డ్రైనేజీ తప్పిపోవడం సరిదిద్దుకోగల విషయమే. నన్ను కలవరపెట్టింది మీ ప్రశ్నలోని ఇంకో వాక్యం: అత్యవసర నిధి మొత్తం ఖర్చయిపోయిందన్నది. ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది సరిగ్గా ఇదే చేస్తారు. ‘ఇల్లు కూడా అవసరమే కదా’ అనుకుని ఆ డబ్బును సిమెంటులో, స్టీలులో పోసేస్తారు. రేపు ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగోలేకపోయినా సగం కట్టిన గోడలు మీకు డబ్బివ్వవు. అలాంటి ఇంటిని అమ్మడమూ కష్టమే.

పైగా నిర్మాణం జరుగుతున్నన్నాళ్లూ మీ ఖర్చు మామూలు కంటే ఎక్కువ. ఉంటున్న ఇంటి అద్దె కట్టాలి, తీసుకున్న లోన్‌కు వడ్డీ కూడా కట్టాలి. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు, అద్దె, లోన్ వాయిదా కలిపి ఒక ఖాతాలో విడిగా ఉంచాలి. నిర్మాణంలో అనుకోకుండా వచ్చే ఖర్చుల కోసం మిగిలిన పనుల విలువలో 10 నుంచి 15 శాతం ఇంకో ఖాతాలో ఉండాలి. డ్రైనేజీ ఈ రెండో ఖాతాలోంచి రావాల్సిన ఖర్చు. మీకు ఆ ఖాతాయే లేదు కాబట్టి మొదటిది ఖాళీ అయ్యింది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి.

ఇక పర్సనల్ లోన్. 24 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకున్నారనుకోండి, ప్రతి 100కి దాదాపు 141 తిరిగి కడతారు. చేతిలో పైసా రిజర్వ్ లేకుండా, హోమ్‌లోన్ మీద ఇంకో వాయిదా తగిలించుకుంటే ఒక్క నెల జీతం ఆలస్యమైనా రెండూ తప్పుతాయి. అప్పుడు జనం చేసే పని క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం. దానికి వడ్డీ లేని గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. దయచేసి ఆ దారిలో మొదటి అడుగే వేయకండి.

మరి డ్రైనేజీని తర్వాతకు వదిలేస్తే? పైపులు ఫ్లోర్ కిందే వెళ్లాలి. మీరింకా మట్టి నింపలేదు, ఇది మీ అదృష్టం. ఈ వారమే ఒక పని చేయండి. పారదర్శకంగా ఉండే సన్నటి ట్యూబులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను బాత్రూమ్ వచ్చే చోట, రెండోదాన్ని వీధి చాంబర్ దగ్గర పట్టుకోమని మేస్త్రీకి చెప్పండి. రెండు చోట్లా నీటి మట్టం నుంచి కిందికి కొలిస్తే ఎత్తుల తేడా తెలిసిపోతుంది. బాత్రూమ్ నుంచి వీధి చాంబర్‌కు 18 మీటర్లుందనుకుందాం. 110 ఎంఎం పైపుకు 60కి 1 వాటం (ప్రతి 60 సెంటీమీటర్ల పొడవుకు 1 సెంటీమీటరు దిగేలా) ఇచ్చినా, అక్కడికి చేరేసరికి అది 30 సెంటీమీటర్లు దిగాలి. నేల చదునుగా ఉండి, పైపు 45 సెంటీమీటర్ల లోతున మొదలైతే వీధి దగ్గర 75 లోతున ఉంటుంది. వీధి లైను 60 లోతులోనే ఉంటే మీ మురుగు అందులోకి దిగదు.

ఆ 15 సెంటీమీటర్ల తేడా ఇప్పుడు తెలిస్తే ఇంజినీర్‌తో మాట్లాడి ఫ్లోర్ మట్టం పెంచుకోవచ్చు. టైల్స్ వేశాక తెలిస్తే గుంత తవ్వి పంపు పెట్టాలి. పంపుకు కరెంటు, రిపేర్లు మీరు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కడుతూనే ఉండాలి.

మలుపు ఉన్న ప్రతిచోటా చాంబర్ కట్టించండి. పైపులు పూడ్చకముందే కింది కొస మూసి నీళ్లు నింపి, మట్టం దిగుతోందేమో చూడండి. వాననీటిని మురుగు లైనులో కలపనివ్వకండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. అదంతా ఒకే పైపులోకి వస్తే బాత్రూమ్‌లో వెనక్కి తన్నుతుంది. వీధిలో లైనే లేక సెప్టిక్ ట్యాంక్ కట్టాల్సి వస్తే బావికి, బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో కట్టండి. స్థానిక నిబంధన అంతకంటే ఎక్కువ దూరం అడిగితే దాన్నే పాటించండి.

డబ్బు ఎక్కడిదంటారా? మీ అంచనా కాగితం తీయండి. ఫాల్స్ సీలింగ్, ఇంటి ముందు వైపు అలంకరణ (ఎలివేషన్ డిజైన్), వార్డ్‌రోబ్‌లు, ఖరీదైన గేటు ఇవన్నీ ఇంట్లో చేరాక రెండేళ్లకైనా చేయించుకోవచ్చు. ఫ్లోర్ కింద పైపును అలా వాయిదా వేయలేరు. వీటికి కేటాయించిన మొత్తాన్ని డ్రైనేజీకి మళ్లించండి. ఇంకా తక్కువ పడితే ఇంజినీర్‌తో సవరించిన అంచనా రాయించి, తర్వాతి విడత విడుదలకు ముందే హోమ్‌లోన్ పెంచమని బ్యాంకును అడగండి. వాళ్లు పెంచకపోతే పని రెండు నెలలు ఆగనివ్వండి. అద్దె కొంత పోతుంది, నిజమే, కానీ ఆ నష్టానికి ఒక హద్దుంది. బంగారం మీద లోన్ పర్సనల్ లోన్ కంటే తక్కువ వడ్డీకి దొరకవచ్చు, మీ విషయంలో అదీ ఆఖరి మార్గమే. రిటైర్మెంట్ పొదుపు జోలికి వెళ్లకండి.

డ్రైనేజీ పని పూర్తయ్యాక మీ చేతికి వచ్చే ప్రతి అదనపు రూపాయీ ముందు అత్యవసర నిధికే వెళ్లాలి. కనీసం మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా ఫినిషింగ్ పనులు మొదలుపెట్టకండి. ఆరు నెలలది నిండాకే వార్డ్‌రోబ్‌ల సంగతి ఆలోచించండి. హోమ్‌లోన్ మొత్తానికి సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే అది ఈ నెలలోనే తీసుకోండి. కాంట్రాక్టర్‌తో మిగిలిన పనులన్నీ, ముఖ్యంగా భూమి కింద ఉండేవి, ఒక్కొక్కటిగా రాయించి సంతకం పెట్టించుకున్నాకే తర్వాతి చెల్లింపు చేయండి.