మళ్ళీ బాప్తిస్మం తీసుకోమంటున్నారు

ప్రశ్న: మాది రేపల్లె దగ్గర పల్లె. లూథరన్ కుటుంబం. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడే నాకు బాప్తిస్మం ఇప్పించారు, పదహారో ఏట కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక సంఘం ముందు విశ్వాసాన్ని ఒప్పుకోవడం) అయింది. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక ఆరేళ్ళుగా మా కాలనీలోని స్వతంత్ర సంఘానికి వెళ్తున్నాం. మా ఆయనకి ఉద్యోగం పోయిన నాలుగు నెలలూ మా ఇంటికి బియ్యం తెచ్చిచ్చింది ఆ సంఘంవాళ్ళే. ఇప్పుడు పాస్టరు గారు, చిలకరింపు బాప్తిస్మం చెల్లదు, నీళ్ళలో మునిగితేనే సభ్యత్వం, ప్రభు బల్ల (ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) అంటున్నారు. వచ్చే నెలకి తారీఖు కూడా పెట్టేశారు. అమ్మకి చెబితే "అయితే మేమిచ్చింది ఉత్తిదా?" అని ఫోన్ పెట్టేసింది. ఊరి సంఘం చందా పుస్తకంలో నా పేరు మీద నెలకి యాభై రూపాయలు ఆవిడ ఇప్పటికీ కడుతోంది. మా ఆయనేమో "మునిగితే పోయేదేముంది" అంటారు. అసలు నేను ఏ సంఘానికి చెందినదాన్ని?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ఆ యాభై రూపాయల దగ్గరే ఆగిపోయింది. పల్లె సంఘాల్లో ఆ పుస్తకం సంగతి మీకు తెలియంది కాదు. చాలాచోట్ల అందులో పేరుంటేనే పెళ్ళి ప్రకటన చదువుతారు, సమాధుల తోటలో చోటిస్తారు. ఆరేళ్ళుగా మీరు ఆ గుడి మెట్లు ఎక్కకపోయినా మీ పేరు కొట్టేయకుండా అమ్మ కాపాడుకుంటూ వస్తున్నారు. ఆవిడ ఫోన్ పెట్టేసింది అందుకే.

ఇక బాప్తిస్మం మాట. దీన్ని "రెండోసారి" అనేది మీ అమ్మగారు. మీ పాస్టరు గారి లెక్కలో ఇదే మొదటిది. లూథరన్లకి బాప్తిస్మం దేవుడు చేసే పని, కాబట్టి చంటిబిడ్డకీ చెల్లుతుంది. అవతలివాళ్ళకి మనిషి ముందు తన నోటితో ఒప్పుకోవాలి, తర్వాతే నీళ్ళు. ఎఫెసీయులకు రాసిన పత్రికలోని "బాప్తిస్మ మొక్కటే" అన్న మాటను ఇద్దరూ చూపిస్తారు! మన తెలుగు నేల మీద ఈ రెండు దారులూ పాతవే. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. 1878 జూలైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో బాప్టిస్టు బోధకులు ఒక్కరోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు.

నేనూ ఆ ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంట్లో పుట్టి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఇంటికి కోడలిగా వెళ్ళినదాన్నే. మా పెద్దవాడికి ఏడాది నిండకుండా బాప్తిస్మం ఇప్పించాలని అత్తగారు పట్టుబడితే, మా నాన్న ఆ రోజు భోజనానికి రాలేదు. నెల తర్వాత వచ్చి మనవణ్ణి ఎత్తుకున్నారు గానీ ఆ విషయం మాత్రం పోయేదాకా ఎత్తలేదు.

మీ వారి మాట నాకు నచ్చలేదు. పోయేదేమీ లేదనుకుని మునిగితే అది బాప్తిస్మం ఎందుకవుతుంది, స్నానం అవుతుంది. ఒక్కటి ఆలోచించండి. సభ్యత్వం, ప్రభు బల్ల దీనికి ముడిపెట్టకపోతే మీరు ఆ నీళ్ళలోకి దిగేవారా? దిగేదాన్నే అని మనసు చెబితే దిగండి. మీకిప్పుడు నమ్మకం అలా కుదిరిందంటే అందులో తప్పేమీ లేదు. అయితే అమ్మకి ముందే ఎదురుగా కూర్చుని చెప్పండి. ఫొటోలు వాట్సాప్‌లో చూసి ఆవిడకి తెలియకూడదు.

దిగను అనిపిస్తే పాస్టరు గారికి నేరుగా చెప్పండి: "నా బాప్తిస్మం అయిపోయిందని నమ్ముతున్నాను, సభ్యత్వం ఇవ్వకపోయినా ఆరాధనకి వస్తాను." బాప్తిస్మం ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇచ్చేది కాదని ప్రపంచ చర్చిల మండలి 1982లో పెరూ దేశంలోని లీమాలో సిద్ధం చేసిన పత్రంలో ఉంది. స్వతంత్ర సంఘాలు దానికి కట్టుబడనక్కర్లేదు, ఆయన ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ తర్వాతి ఆదివారం మిమ్మల్ని ఎలా పలకరిస్తారో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. బియ్యం తెచ్చిన ఆ అక్కయ్యలు మీతో మాట్లాడటం మానేస్తారని మీ టెన్షన్ అనుకుంటాను. వాళ్ళ మేలు మర్చిపోవద్దు. వాళ్ళ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే క్యారేజీ పట్టుకుని వెళ్ళండి. ఆ బియ్యం రుణం నీళ్ళలో మునిగి తీర్చేది మాత్రం కాదు.

అక్కడ ఇమడలేకపోతే హైదరాబాద్‌లో లూథరన్ సంఘాలున్నాయి, సీఎస్ఐ గుడులకైతే లెక్కే లేదు. ఊరి పాస్టరు గారి దగ్గర ట్రాన్స్‌ఫర్ లెటర్ తీసుకెళ్తే మామూలుగా చేర్చుకుంటారు. అది ఆఖరి మాట, ఇప్పుడే వద్దు.

ముందు ఆ తారీఖుని వాయిదా వేయించుకోండి. ఈ లోపు పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం ఊరికి వెళ్ళండి. ఆరాధన అయ్యాక చందా పుస్తకం అడిగి మీ పేరున్న పేజీ తిప్పి చూడండి, అమ్మ పక్కనే ఉండగా. ఇకమీద ఆ యాభై ఎవరు కట్టాలో మీ ఇద్దరికీ అక్కడే మాట కుదురుతుంది.