అత్తమ్మ పూజకు లేని అడ్డు నా పావుగంటకే ఎందుకు?

ప్రశ్న: మాది హనుమకొండ. నర్సంపేటలో ఉద్యోగం. రోజూ అప్ అండ్ డౌన్, రానూపోనూ మూడు గంటలు బస్సుల్లోనే పోతుంది. పాప ఇంటర్ సెకండియర్, బాబు ఎనిమిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటారు. ఈ మధ్య మనసు ఒక చోట నిలవడం లేదు. రోజూ కాసేపు ప్రశాంతంగా కూర్చోవాలనిపిస్తుంది. వీడియోల్లో చెప్పారని నాలుగున్నరకు లేచి చూశాను, వారానికే తలనొప్పి మొదలైంది. ధ్యానం యాప్ పెట్టుకుంటే పదకొండో రోజు తప్పింది, ఇక తెరవబుద్ధి కాలేదు. ఇంట్లో కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు కాకముందే "కుక్కర్ ఎన్ని విజిల్స్ వచ్చినయ్?" అని కేక. మా ఆయన "ఏంది, సన్న్యాసంల కలుస్తవా" అని నవ్వుతారు. ఏదో తప్పు చేస్తున్నట్టు లేచిపోతాను. మా అమ్మ బీడీలు చుట్టి నలుగురిని పెంచింది. అయినా రోజూ దీపాల వేళకు తులసికోట దగ్గర కాసేపు ఊరికే కూర్చునేది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆమె కత్తెర తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన కత్తెర దగ్గర నేను ఆగిపోయాను. టైమ్ దొరకడం లేదన్న ఉత్తరంలో దాని ప్రస్తావన అక్కర్లేదు. అయినా రాశారంటే మీ మనసు ఎటు పోతోందో మీకు తెలుసు.

బీడీలు చుట్టే ఇల్లు నేనెరుగుదును. రాత్రే తునికాకు నానబెట్టి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున్నే ఒళ్ళో చాట, కత్తెరతో ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. మెడ వంచితే మళ్ళీ ఎత్తేది అన్నానికే. రోజుకు ఇన్ని చుడితేనే ఇంత అన్న లెక్క ఉన్నప్పుడు ప్రతి నిమిషానికీ రేటు ఉంటుంది. అలాంటి మనిషి సాయంత్రం చాట పక్కన పెట్టి తులసికోట దగ్గర కూర్చునేదంటే ఆ కాసేపట్లో కొన్ని బీడీల కూలి వదులుకున్నట్టే. ఆమెకు ఖాళీ దొరికి కూర్చోలేదు. అది దీపాల వేళ, ఆ వేళకు అమ్మ అక్కడుంటుంది అని ఇంటిల్లిపాదికీ తెలుసు, అంతే.

మీ ఇంట్లో మీ కూర్చోవడానికి ఆ గుర్తింపు లేదు. అత్తమ్మ పూజలో ఉంటే కుక్కర్ గురించి ఎవరైనా అడుగుతారా? అడగరు. పూజకు పేరుంది, చోటుంది, వేళ ఉంది. మీరేమో మంచం అంచునో వంటింటి స్టూలు మీదో దొంగచాటుగా కళ్ళు మూసుకుంటున్నారు. చూసేవాళ్ళకు అది కునుకులా కనిపిస్తుంది. పిలుస్తారు మరి. వాళ్ళను తప్పు పట్టలేను.

అందుకే దాచుకోకుండా అడగండి. ముందు అత్తమ్మనే అడగండి, భర్తను తర్వాత. "అత్తమ్మా, సాయంత్రం దీపం పెట్టినంక ఓ పావుగంట నేను దేవునర్రల కూసుంట. అమ్మ బాగ యాదికొస్తున్నది. జర ఎవరూ పిలువకుండ చూడున్రి" అనండి. ధ్యానం, ఆత్మపరిశీలన లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు, వాటికి ఎవరైనా నవ్వవచ్చు. అమ్మ యాదికొస్తున్నదంటే నవ్వే ఆడమనిషి మన దిక్కు ఉండదు. ఆవిడా ఒకనాడు తల్లిని పోగొట్టుకునే ఉంటారు. ఇలా అడిగితే అత్తమ్మే మీకు కాపలా కాసే అవకాశం ఎక్కువ. మీ ఆయనది వేళాకోళమే తప్ప అడ్డుపెట్టడం కాదనిపిస్తోంది. ఆ పావుగంట కుక్కర్ బాధ్యత ఆయనదని చెప్పండి. విజిల్స్ లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది.

ఇక ఆ నాలుగున్నర సంగతి. బ్రహ్మముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుందని శాస్త్రం చెబుతుంది, నిజమే. పొద్దుగూకితే పడుకునే కాలంలో అది బాగానే కుదిరింది. మీరు వంటిల్లు సర్దుకుని పడుకునేసరికి పదకొండు దాటుతుంది కదా. పెద్దవాళ్ళకు ఏడు గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. నిద్ర మానుకుని కూర్చుంటే దేవుడి ముందు కూడా కునుకే వస్తుంది. దాన్ని వదిలేయండి, పాపమేమీ అంటదు.

యాప్‌లో పదకొండో రోజు తప్పిందని మానేశారు చూడండి, నాకు అర్రెం గుర్తొచ్చింది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు పూలు పేర్చం, ఆడం. అలిగిన బతుకమ్మ అంటాం. ఎందుకు అలిగిందో తలో కథ చెబుతారు. కానీ ఆరో రోజు ఆగింది కదా అని మర్నాడు మళ్ళీ ఎంగిలిపూల నుంచి మొదలుపెట్టం. ఏడో రోజు ఏడో రోజే, వేపకాయల బతుకమ్మ. మీ పదకొండో రోజునూ అలాగే చూడండి. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా, పాప పరీక్షలైనా ఆ రోజు అర్రెం. మర్నాడు సాయంత్రం మళ్ళీ కూర్చోండి. యాప్ మాత్రం తీసేయండి. మార్కులు వేసేవాళ్ళు మీకు ఆఫీసులో ఉన్నారు, చాలు.

కూర్చున్నాక ఏం చేయాలని అడగలేదు గానీ చెబుతాను. మీ అమ్మ చేసిందే. ఊరికే కూర్చోవడం. మీకు మంత్రం అలవాటుంటే చెప్పుకోండి, లేకుంటే దీపం చూడండి. ఏడుపొస్తే రానివ్వండి. తిరుగు బస్సులో కూడా నర్సంపేట నుంచి గిర్నిబావి దాకా ఫోను బ్యాగులో పెట్టి కిటికీ బయట చూస్తూ రండి, ఆ తర్వాత కావాలంటే తీయండి. సెలవు రోజు ఇల్లు కదలాలనిపిస్తే పొద్దున్నే వేయి స్తంభాల గుడికి వెళ్ళి ఓ స్తంభానికి ఆనుకుని కూర్చోండి. 1163 నుంచి నిలబడ్డ రాయి, మన హడావుడి దానికి ఏమీ పట్టదు. భద్రకాళి గుడికి మాత్రం ఆదివారం వద్దంటాను. దర్శనం బాగానే అవుతుంది, ప్రశాంతత లైన్లోనే అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త. మనసు నిలవకపోవడంతో పాటు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే పావుగంట మౌనం సరిపోదు. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్యులున్నారు. టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. తల్లి పోయిన ఎనిమిది నెలలకు డాక్టరు దగ్గరికి వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు.

ఆ కత్తెర బీరువాలోంచి తీయండి. దేవునర్రలో దీపం పక్కన పెట్టవచ్చా అని సందేహించకండి, నలుగురికి అన్నం పెట్టిన వస్తువు అది. ఇదెవరిదని పాప అడుగుతుంది. ఆ సాయంత్రం మౌనం కుదరకపోయినా సరే, అమ్మమ్మ గురించి చెప్పండి.