షాఫ్ట్స్‌బరీ జీవితం రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు,
పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. పనిచేసే పిల్లల కోసం చట్టాలు తెచ్చిన ఇంగ్లండ్ ప్రభువు, ఏడో షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ గురించి తెలుగులో పుస్తకం రాస్తానన్నావు. చాలా సంతోషమమ్మా. సమాచారమంతా పోగేశాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. ఆయన మీద నాకున్న అభిమానం నీకు తెలుసు. తోచింది రాస్తున్నాను.

'1801 ఏప్రిల్ 28న లండన్‌లో జన్మించెను' అని మాత్రం మొదలుపెట్టకు. 1875 ఫిబ్రవరిలో మొదలుపెట్టు. కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి పొగగొట్టం శుభ్రం చేయడానికి జార్జ్ బ్రూస్టర్ అనే చిన్న పిల్లవాణ్ణి లోపలికి ఎక్కించారు. మసిలో ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు గానీ ప్రాణం నిలవలేదు. పిల్లల్ని పొగగొట్టాల్లోకి ఎక్కించకూడదని 1840లోనే చట్టం ఉంది. 1864లో షాఫ్ట్స్‌బరీ ఇంకొకటి తెచ్చాడు. రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. బ్రూస్టర్ చనిపోయేనాటికి ఆయనకు 73 ఏళ్లు. మళ్లీ లేచి, మళ్లీ బిల్లు పెట్టాడు. ఈసారి పొగగొట్టాలు తుడిచే ప్రతివాడూ ఏటేటా లైసెన్సు తీసుకోవాలనీ, ఆ బాధ్యత పోలీసులదనీ రాయించాడు. అప్పుడు గానీ ఆ ఘోరం ఆగలేదు.

నా సలహా అంతా ఈ సంగతిలోనే ఉంది. ఏ చట్టం ఏ సంవత్సరం వచ్చిందన్నది గైడు పుస్తకంలో కూడా దొరుకుతుంది. చట్టం వచ్చిన ఏడాదికీ, అది నిజంగా ఒక పిల్లవాడి దాకా చేరిన ఏడాదికీ మధ్య ఏం జరిగిందో నువ్వు రాయాలి. ఆయన బతుకంతా ఆ మధ్యలోనే గడిచింది.

రెండు చిక్కులు ముందే చెబుతాను. ఒకటి, పేరు. తండ్రి బతికున్నంతకాలం ఈయన 'లార్డ్ ఆష్లీ'. అది మర్యాదకు పిలిచే బిరుదే కాబట్టి కామన్స్ సభకు పోటీ చేయగలిగాడు. 1826లో వుడ్‌స్టాక్ నుంచి ఎన్నికయ్యాడు. అది మేనమామ మార్ల్‌బరో డ్యూక్ చేతిలో ఉన్న స్థానం, ఆ మాట దాచకు. 1851లో తండ్రి పోయాక ఎర్ల్ అయి ప్రభువుల సభకు వెళ్లాడు. ఇదే బిరుదుతో 17వ శతాబ్దంలో మొదటి ఎర్ల్ ఒకాయన పెద్ద రాజకీయ నాయకుడు, మూడో ఎర్ల్ తత్వవేత్త. వాళ్లతో కలిపేయకు. రెండోది, ఎర్ల్‌ను 'జమీందారు' అని తెలుగు చేయకు. మన జమీందారు శిస్తు వసూలు చేసి సర్కారుకు పేష్కష్ కట్టేవాడు. అతనికి చట్టసభలో వంశపారంపర్యంగా కుర్చీ ఉండేది కాదు. ఎర్ల్‌కు ఉండేది. ఈ తేడా చెప్పకపోతే కథంతా తప్పుగా అర్థమవుతుంది.

బాల్యానికి నాలుగు పేజీలు చాలు. కానీ ఆ నాలుగు పేజీల్లో మరియా మిల్లిస్ ఉండాలి. తల్లిదండ్రులు ఆ పిల్లవాణ్ణి దగ్గరికి తీయలేదు. ఇంట్లో పనిచేసే మరియాయే ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రార్థన నేర్పింది. ఆయన చిన్నతనంలోనే ఆమె చనిపోతూ తన బంగారు గడియారం ఇచ్చింది. ఎర్ల్ అయ్యాక కూడా ఆయన జేబులో అదే గడియారం. హారో స్కూల్లో చదువుకునేటప్పుడు ఒక బీదవాడి శవపేటికను తాగినవాళ్లు మోసుకుపోతూ కింద పడేయడం చూశాడు. ఈ రెండూ చాలు. స్కూలు మార్కులు, ఆక్స్‌ఫర్డ్ ఫస్ట్ క్లాసు ఒక వాక్యంలో దాటేయి.

1842 దగ్గర మాత్రం తొందరపడకు. పిల్లల పని పరిస్థితుల మీద వేసిన కమిషన్ నివేదిక ఆ ఏడాది వచ్చింది. అందులో బొమ్మలున్నాయి. నడుముకు పటకా, కాళ్ల మధ్య గొలుసు, నాలుగు కాళ్ల మీద పాకుతూ బొగ్గు బండి లాగే పిల్లలు. గాలి కోసం పెట్టిన తలుపులు తెరిచి మూయడానికి పగలంతా చీకట్లో ఒంటరిగా కూర్చునే పసివాళ్లు. ఆ నివేదిక ముందు నువ్వు పూర్తిగా చదువు, దాని గురించి ఎవరో రాసింది తర్వాత చదువు. జూన్ 7న ఆష్లీ కామన్స్‌లో రెండు గంటలు మాట్లాడాడు. సభ కదిలిపోయింది. తర్వాత ప్రభువుల సభలో బొగ్గు గనుల యజమానులు అడ్డుపడ్డారు. పదమూడేళ్లలోపు పిల్లలెవరూ గనిలోకి దిగకూడదని ఆయన బిల్లు పెడితే, అది చట్టమయ్యేసరికి ఆ వయసు పదేళ్లకు తగ్గిపోయింది. ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదన్నది మాత్రం నిలిచింది. ఆ మూడేళ్ల తేడాలో ఉన్న పిల్లలు ఏమయ్యారో రాయి.

మిల్లుల్లో ఆడవాళ్లు, కుర్రవాళ్లు రోజుకు పది గంటలకు మించి పనిచేయకూడదన్న పది గంటల చట్టం కథ ఇంకా కష్టమైనది. 1833లో మొదలుపెట్టాడు. ఆ ఏడాది ఆయన బిల్లును పక్కకు నెట్టి ప్రభుత్వం తన చట్టం తెచ్చింది. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లలు వద్దన్నారు. దేశమంతటికీ నలుగురంటే నలుగురే ఇన్‌స్పెక్టర్లు. 1846లో విదేశీ ధాన్యం మీద సుంకాలు ఎత్తేయాలని మనసు మార్చుకుని, తనను గెలిపించిన డోర్సెట్ రైతులకు ఇచ్చిన మాట నిలబడదని సీటు వదులుకున్నాడు. అందుకే 1847లో పది గంటల బిల్లు నెగ్గినప్పుడు ఆయన సభలోనే లేడు. దాన్ని నడిపించింది జాన్ ఫీల్డెన్ అనే మిల్లు యజమాని. ఆ గౌరవం ఫీల్డెన్‌కు ఇవ్వు. తర్వాత యజమానులు షిఫ్టుల పేరుతో చట్టాన్ని తప్పించుకుంటుంటే, 1850లో పదిన్నర గంటలకు ఆయన రాజీపడ్డాడు. కార్మికులు మోసపోయామన్నారు. ఆయన చేసింది తప్పని నేననుకోను, ఎందుకంటే అందరికీ ఒకటే పనివేళ ఖాయం కావడంతో దొంగలెక్కలకు దారి మూసుకుపోయింది. కానీ కార్మికుల కోపం కూడా న్యాయమైనదే. రెండూ రాయి.

ఇక ఆయన లోపాలు. నేను మొదటిసారి ఒక చిన్న జీవితచరిత్ర రాసినప్పుడు ఆ మనిషిలో మచ్చే లేదన్నట్టు రాశాను. చదివిన పెద్దాయన ఒకరు 'ఇందులో మనిషి లేడు, పటం ఉంది' అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నువ్వు ఆ పని చేయకు. షాఫ్ట్స్‌బరీ మిల్లు యజమానుల్ని నిలదీసే రోజుల్లో ఆయన తండ్రి ఎస్టేట్‌లోని కూలీల గుడిసెలు అధ్వాన్నంగా ఉండేవి. విరోధులు దాన్ని ఎత్తిచూపారు. ఆస్తి చేతికొచ్చేసరికి అప్పులు. అయినా అప్పు చేసి ఇళ్లు బాగుచేయించాడు. సామాన్యులకు ఓటు హక్కు పెంచడం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. వాళ్ల కష్టం తీర్చాలనుకున్నాడు గానీ, అధికారం వాళ్ల చేతికిచ్చే ధైర్యం చేయలేదు.

1857 దగ్గర నీకు బాధ కలుగుతుంది, నాకూ కలిగింది. తిరుగుబాటు సమయంలో మన సిపాయిలు ఇంగ్లిష్ ఆడవాళ్ల అవయవాలు కోశారని, అలాంటి ఉత్తరం ఇండియా నుంచి వచ్చిందని ఒక బహిరంగ సభలో మాట్లాడాడు. తర్వాత ఆ ఉత్తరం తాను చూడలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే ఆ మాట పగను రాజేసింది. దీన్ని ఫుట్‌నోట్‌లో పెట్టకు, అధ్యాయంలోనే పెట్టు. దాని పక్కనే 1843 కూడా ఉండాలి. చైనాకు నల్లమందు అమ్మే వ్యాపారం ఆపాలని కామన్స్‌లో తీర్మానం పెట్టింది ఈయనే. ఆ నల్లమందు పండింది మన బీహార్, బెనారస్ పొలాల్లో. ముసలితనంలో, 1870లలో, మన దేశపు నూలు మిల్లుల్లో పనిచేసే పిల్లల గురించి ప్రభువుల సభలో లేవనెత్తాడు. 1881లో మనకు మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలు పనికి రాకూడదు, పన్నెండు దాకా రోజుకు తొమ్మిది గంటలే. మన మిల్లుల్ని దెబ్బతీయడానికి ఇంగ్లండ్‌లో నూలు మిల్లులున్న లాంకషైర్ వాళ్లు పన్నిన ఎత్తని మన పత్రికలు అనుమానించాయి. ఆ అనుమానం ఉత్తిది కాదు. అలాగని షాఫ్ట్స్‌బరీ మనసు లాంకషైర్ లాభం మీద ఉందని నేను నమ్మను. వాళ్ల మిల్లుల మీదే ఆయన నలభై ఏళ్లు పోరాడాడు కదా.

మతిచెడినవారి కోసం 1845లో వేసిన కమిషన్‌కు చనిపోయేదాకా జీతం లేకుండా అధ్యక్షుడిగా ఉన్నాడు. దీని గురించి తెలుగులో దాదాపు ఎవరూ రాయలేదు. ఒక అధ్యాయం కేటాయించు.

ఆధారాల సంగతి. ఎడ్విన్ హోడర్ రాసిన మూడు సంపుటాలు తప్పకుండా చూడు, కానీ అవి ఆయన సహకారంతో రాసినవని గుర్తుంచుకుని చదువు. డైరీల్లో ఆయన తనను తాను చాలా నిందించుకుంటాడు, దిగులు ఎక్కువ. దాన్ని కూడా యథాతథంగా తీసుకోకు. పార్లమెంటు ప్రసంగాల రికార్డులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. ప్రతి తేదీని వాటితో సరిచూడు.

కవర్ మీద లండన్‌లోని పికడిల్లీ సర్కస్ కూడలిలో ఉన్న రెక్కల విగ్రహం వేద్దామన్నావు. అది ఆయన స్మారకమే, 1893లో పెట్టారు. కానీ జనం దాన్ని గ్రీకుల మన్మథుడి పేరుతో ఈరోస్ అనే పిలుస్తారు, ఆయన ఎవరికీ గుర్తురాడు. 1842 నివేదికలోని బండి లాగే పిల్ల బొమ్మ వెయ్యి.

మొదటి అధ్యాయం పూర్తవగానే ప్రింట్ తీసి పోస్టులో పంపమ్మా, ఫోన్‌లో వద్దు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి, మార్జిన్ ఎక్కువ వదులు. అక్కడే రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న