సమాధానం: బ్యాంకులు సాయం తిరిగి కట్టేశాయి కదా, ఇంక అన్యాయం ఎక్కడ?

2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికా ప్రభుత్వం బ్యాంకులకు ఇచ్చిన సొమ్ము వడ్డీతో సహా వెనక్కి వచ్చిందన్న మీ మిత్రుడి వాదనకు జవాబు అడిగారు. పెద్ద బ్యాంకులు తిరిగి కట్టిన మాట నిజమే, దాన్ని కాదనకండి. అక్కడ పట్టుబట్టి వాదిస్తే ఓడిపోతారు. సాయం ఎవరికి ఏ షరతులతో అందిందని అడగండి.

పెద్ద బ్యాంకుల్లోకి పెట్టుబడి 2008 అక్టోబరులోనే నేరుగా వెళ్లింది. ఇంటి అప్పు కట్టలేనివాళ్లకు 2009లో హ్యాంప్ (HAMP) అనే ప్రభుత్వ పథకం వచ్చింది. నెల వాయిదాను ఆదాయంలో 31 శాతానికి దించి, 30-40 లక్షల కుటుంబాలను ఆదుకోవాలన్నది లక్ష్యం. కానీ ఎవరికి తగ్గించాలో తేల్చే పని వాయిదాలు వసూలు చేసే సంస్థలకే అప్పజెప్పారు. కొంప ముంచింది ఇదే! కాగితాలు అందలేదంటూ మళ్లీ మళ్లీ అడిగారు, తగ్గించిన వాయిదాను ముందు కట్టి చూపాల్సిన మూడు నెలల ట్రయల్‌ను సాగదీశారు. పథకం లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయింది.

అసలు కీలకం దివాలా చట్టం. దివాలా తీసినవాళ్ల సొంతింటి అప్పులో అసలును (వడ్డీ కాక బాకీ ఉన్న మొత్తాన్ని) దివాలా కోర్టు జడ్జి తగ్గించే వీలు కల్పించే సవరణ 2009 ఏప్రిల్‌లో సెనేట్‌లో 45-51 ఓట్లతో వీగిపోయింది. కొందరు డెమొక్రాట్లూ వ్యతిరేకించారు కాబట్టి నింద రిపబ్లికన్ల మీదే వేయకండి (డెమొక్రాట్ల వైపు మాట్లాడే లిబరల్స్ ఇది దాటేస్తుంటారు). సెలవులకు వాడుకునే రెండో ఇంటి అప్పుకైతే ఆ వీలు అప్పటికే ఉంది. మీ మిత్రుణ్ణి ముందు ఈ తేడా గురించే అడగండి.