హక్కు ఉందన్న కోర్టే ఉత్తర్వు ఎందుకు ఇవ్వలేదు?

సందేహం: 1800 ఎన్నికల్లో ఓడిన అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ దిగిపోతూ చేసిన న్యాయ నియామకాలు చెల్లుతాయా? విలియం మార్బరీకి పదవిపై హక్కు ఉందంటూనే సుప్రీంకోర్టు అతనికి ఎందుకు మొండిచెయ్యి చూపింది? – ఒక న్యాయశాస్త్ర విద్యార్థి

సమాధానం: నియామకాలు చెల్లుతాయి. ఓడినప్పటికీ 1801 మార్చి 4 వరకు అధ్యక్షుడి అధికారాలన్నీ ఆడమ్స్‌వే. పైగా జనవరి 20న ఆయన జాన్ మార్షల్‌ను ప్రధాన న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించేనాటికి తదుపరి అధ్యక్షుడెవరో ఇంకా తేలనే లేదు. ఎలక్టర్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధులు) తలా రెండు పేర్లకు ఓటు వేయాలే తప్ప, ఎవరు అధ్యక్షుడో, ఎవరు ఉపాధ్యక్షుడో విడిగా చెప్పే వీలు అప్పట్లో లేకపోవడంతో, ఆడమ్స్‌ను ఓడించిన ఒకే పక్షానికి చెందిన థామస్ జెఫర్సన్‌కూ ఆరన్ బర్‌కూ సమానంగా 73 ఓట్లు పడ్డాయి. తగవు అమెరికా చట్టసభలోని ప్రతినిధుల సభకు చేరింది. రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున 16 రాష్ట్రాల్లో 9 కావాల్సి ఉండగా, జెఫర్సన్ 35 విడతలపాటు 8 దగ్గరే ఆగిపోయారు. ఫిబ్రవరి 17న, 36వ విడతలో, డెలావేర్ ఏకైక ప్రతినిధి జేమ్స్ బేయర్డ్ ఖాళీ చీటీ వేశారు. మేరీలాండ్, వెర్మాంట్‌లకు చెందిన ఫెడరలిస్టులు (ఆడమ్స్ పక్షం వారు) కూడా అడ్డు తొలగడంతో జెఫర్సన్ గెలిచారు. ఈ ప్రతిష్టంభన నడుమనే, ఫిబ్రవరి 13న, 16 కొత్త సర్క్యూట్ జడ్జీల పదవులు సృష్టించే చట్టం వచ్చింది. ఇందులో రాజకీయం లేదని నేను అనను. అయితే ఉద్దేశం వేరు, అధికారం వేరు.

ఇక మార్బరీది, ఆడమ్స్ నియమించిన, రాజధాని ఉన్న కొలంబియా జిల్లాలో ఐదేళ్ల జస్టిస్ ఆఫ్ పీస్ (చిన్న తగవులు చూసే స్థానిక న్యాయాధికారి) పదవి. సెనేట్ ఆమోదించింది, అధ్యక్షుడు సంతకం చేశారు, ముద్ర కూడా పడింది. నియామక పత్రం మాత్రం బట్వాడా కాలేదు. ఆ ముద్ర వేయించి, పత్రం పంపవలసిన విదేశాంగ మంత్రి సాక్షాత్తు మార్షలే! తన శాఖలో మిగిలిపోయిన పనిపై వచ్చిన వ్యాజ్యాన్ని తానే విచారించడం నేటి న్యాయవాదికి మింగుడుపడదు. జెఫర్సన్ హయాంలో మంత్రి మాడిసన్ పత్రం ఇవ్వకపోవడంతో మార్బరీ మాండమస్ (అధికారి తన విధి నిర్వర్తించాలని ఆదేశించే కోర్టు ఉత్తర్వు) కోరుతూ నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లారు.

1803 ఫిబ్రవరి 24 నాటి తీర్పు ప్రకారం, అధ్యక్షుడి సంతకంతోనే నియామకం జరిగింది, ముద్ర పడడంతో పత్రం పూర్తయింది, పత్రాన్ని నిలిపివేయడం చట్టవిరుద్ధం. అయితే రాయబారులు, రాష్ట్రాలు కక్షిదారులుగా ఉన్నవంటి కొన్ని వ్యాజ్యాల్లోనే సుప్రీంకోర్టుకు తొలి విచారణాధికారాన్ని రాజ్యాంగం ఇచ్చింది. మాండమస్ జారీకి వీలిచ్చిన, 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టంలోని 13వ సెక్షన్ ఆ పరిధిని పెంచిందని భావించిన కోర్టు, సాధారణ చట్టంతో రాజ్యాంగాన్ని మార్చజాలరంటూ ఆ మేరకు దానిని చెల్లదని ప్రకటించింది. కాబట్టి కోర్టు కాదన్నది హక్కును కాదు, తన విచారణాధికారాన్ని.

మార్బరీకి ఆ పదవి దక్కలేదు. ఫెడరల్ అధికారిపై మాండమస్ జారీ చేసే అధికారం కొలంబియా జిల్లా సర్క్యూట్ కోర్టుకు ఉందని కెండాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసరికి 1838 వచ్చింది.