తాకితే తెలుస్తోందా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. ఈమధ్య కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదంటోంది. ఊళ్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. నేను వీడియో కాల్‌లో చెబుతూ నాన్నగారి చేత స్పర్శ పరీక్ష చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చేయించవచ్చమ్మా. చూపుడువేలు ఉంటే చాలు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో వెల్లడించిన పద్ధతి ఇది. మొదట ఆసుపత్రిలో చేరిన షుగర్ రోగుల కోసం వచ్చింది. తర్వాత ఇంట్లోవాళ్లూ చేయవచ్చని తేలింది.

అమ్మను మంచం మీద కాళ్లు చాపి పడుకోమనండి. ఫోన్‌ను రెండు పాదాల వేళ్లూ కనబడేలా స్టూలు మీద ఆనించండి. ఎదురుగా కూర్చుంటే కుడిఎడమలు తారుమారవుతాయి, అందుకే కుడి మోకాలికి ఒక రుమాలు కట్టించండి. కళ్లు మూసుకుని, స్పర్శ తెలిసినప్పుడల్లా ‘కుడి’ అనో ‘ఎడమ’ అనో చెప్పమనండి.

వరుస ఇదీ: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. ఒక్కో వేలి కొసను 1–2 సెకన్లు తాకాలి, అదీ తూనీగ వాలినంత తేలిగ్గా. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నొక్కినా, పొడిచినా, రాసినా స్పర్శ పోయిన వేలికి కూడా ఏదో తగిలినట్టు తెలుస్తుంది. తెలియలేదని రెండోసారి తాకకూడదు. ‘తగిలిందా?’ అని అడగనూ కూడదు, అడిగితే మొహమాటానికి ఊఁ అంటారు. ఒకే లయలో తాకినా ఊహించి చెప్పేస్తారు, అందుకని మధ్య విరామం మారుస్తుండాలి. జవాబులు మీరు రాసుకోండి.

ఆరింటిలో 2 లేదా అంతకు మించి తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అన్నీ తెలిసినా ఊరుకోకండి. చెప్పు జారినా తెలియడం లేదంటే డాక్టరు స్వయంగా చూడాల్సిందే. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (అంత బలంతో ఆనించే సన్నని నైలాన్ పోగు), 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో (మోగించి ఆనిస్తే అదురు తెలిసే లోహపు కవ్వ) పరీక్షిస్తారు, పాదంలో నాడి చూస్తారు.

సూదితోనో వేడినీళ్లతోనో మాత్రం ఇంట్లో పరీక్షించకండి. పుండు, నల్లబడటం, లేదా నొప్పి లేకుండానే ఒక పాదం వాచి వేడెక్కడం కనిపిస్తే నడవనివ్వకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక పక్క కాలు, చెయ్యి హఠాత్తుగా మొద్దుబారితే అది షుగర్ తిమ్మిరి అనుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈలోగా రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు నాన్నగారిని చూడమనండి. ఎండాకాలంలో గుడి బండల మీద ప్రదక్షిణ చేస్తే బొబ్బలెక్కినా అమ్మకు తెలియదు. మందపాటి సాక్సు వేసుకుని, ఎండెక్కకముందే వెళ్లి రమ్మనండి.