లెక్కల క్లాసులో పాటలు, ఆటలు ఎందుకు? టైం వేస్ట్ కాదా?

ప్రశ్న అడిగినవారి పాప ఆరో తరగతట. లెక్కలకూ సైన్సుకూ పాటలు, బొమ్మలు, నాటకాలు కలిపి చెప్తున్నారని, ఇట్లయితే సిలబస్ ఎప్పుడు అయిపోతుంది, మార్కులెట్ల వస్తాయని వాళ్ళ బాధ. నేను అనంతపురం వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. సరిగ్గా చేస్తే ఒక్క పీరియడ్ కూడా వేస్ట్ కాదు, నేను గట్టిగా చెప్తా. కానీ ఆ పేరుతో బడుల్లో జరుగుతున్నదాంట్లో సగానికి పైగా వేస్టే, అది కూడా గట్టిగానే చెప్తా.

కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం (ఎల్‌సీఎం), చెప్పేటప్పుడు నేను బోర్డు జోలికి పోను. పిల్లల్ని రెండు జట్లు చేస్తా. ఒక జట్టు మూడు లెక్కకొకసారి చప్పట్లు కొట్టాలి, రెండోది నాలుగుకొకసారి. అందరూ పైకి ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటారు. మూడుకు వీళ్ళు, నాలుగుకు వాళ్ళు, ఆరుకు వీళ్ళు, ఎనిమిదికి వాళ్ళు, తొమ్మిదికి మళ్ళీ వీళ్ళు, పన్నెండు వచ్చేసరికి రెండు జట్లూ ఒకేసారి ఠప్‌మని కొడతాయి. ఇరవై నాలుగు దగ్గర మళ్ళీ. మొదటిసారి కలిసిన చోటే కసాగు అంటే చాలు, నిర్వచనం పదిసార్లు రాయించే పనుండదు.

ఒక ఏడాది నా క్లాసులో ఒక పిల్లోడు ఉండేవాడు. వాళ్ళ నాయన ఊళ్ళో చెక్కభజన గురువు, శ్రీరామనవమి వస్తుందంటే నెల ముందు నుంచే రాత్రిపూట గుడి ముందర కుర్రోళ్ళకు అడుగులు నేర్పిస్తాడు. చెక్కలు చూసినవాళ్ళకు తెలుసు, చేతిలో పట్టే రెండు కొయ్య ముక్కలు, వాటికి చిన్న బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు, ఒక్కరు తప్పినా గుండ్రం మొత్తం చెడుతుంది. ఈ పిల్లోడు క్లాసులో నోరు తెరిచేవాడు కాదు, ఎక్కాలకు కూడా తడబడేవాడు. ఆరోజు నేను నాలుగు, ఆరు ఇచ్చి ఎక్కడ కలుస్తాయో ముందే చెప్పమన్నా. ముందు బెంచీలన్నీ ఇరవై నాలుగని అరిచాయి. మూడు నాలుగులు పన్నెండు అయింది కదా, ఇదీ హెచ్చవేస్తే సరిపోతుందనుకున్నారు. వెనక నుంచి ఈ పిల్లోడు, "అంత దూరం యాల పోతాది సార్, పన్నెండుకే పడతాది" అన్నాడు.

ఎట్లరా అంటే మాటల్లో చెప్పలేకపోయాడు. లేచి నిలబడి కాలితో నాలుగుకొక దెబ్బ, చేతులతో ఆరుకొక దెబ్బ వేసి చూపించాడు. ఒక్క మనిషి, ఒంట్లో రెండు లెక్కలు నడుస్తున్నాయి, ఎక్కడా తొట్రుపాటు లేదు. పన్నెండుకు కాలూ చేతులూ ఒక్కసారే పడ్డాయి. అప్పుడు ఇరవై నాలుగన్నవాళ్ళే అడిగారు, దానికి హెచ్చవేస్తే వచ్చింది, దీనికెందుకు రాలేదు సార్ అని. నాలుగులోనూ ఆరులోనూ రెండుంది గనక ముందే కలిసిపోతాయి. ఇరవై నాలుగును ఆ రెండుతో భాగిస్తే పన్నెండు. గసాభాకు, అంటే గరిష్ఠ సామాన్య భాజకానికి, తలుపు అక్కడ తెరుచుకుంది, తెరిచింది క్లాసులో అందరికంటే వెనకున్న పిల్లోడు. పదో తరగతికి వచ్చి కూడా, రెండు సంఖ్యలను హెచ్చవేసి గసాభాతో భాగిస్తే కసాగు వస్తుందన్న సూత్రాన్ని బట్టీ పట్టేవాళ్ళను చూస్తుంటా కాబట్టి, ఆ పీరియడ్ వేస్టని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు రెండో సంగతి. 2020 జాతీయ విద్యా విధానం కళలను అన్ని సబ్జెక్టుల్లో కలపమంది, సీబీఎస్ఈ ఆర్ట్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది, మంచిదే. కేంద్రం 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' కింద రాష్ట్రాలను జతలు చేసింది, ఆ ప్రాజెక్టులో జత రాష్ట్రం కళ ఉండాలన్నారు, ఆంధ్రకు జత పంజాబ్. కర్నూలులో మా తమ్ముడి కూతురికి ఫుల్కారీ మీద ప్రాజెక్ట్ ఇస్తే నెట్ సెంటర్‌లో కలర్ ప్రింట్లు తీయించి, థర్మాకోల్ షీటు కొని, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అంటించింది వాళ్ళమ్మ. ఫుల్కారీ అంటే గుడ్డను వెనక్కి తిప్పి దారాలు లెక్కపెట్టుకుంటూ కుట్టే కుట్టు. అందులో ఎంత లెక్క ఉంది! గళ్ళ కాగితం ఇచ్చి ఒక్క పువ్వు కుట్టించినా సౌష్ఠవం (సిమెట్రీ) పాఠం అయిపోయేది. పిల్ల సూది ముట్టుకోలేదు, టీచర్ మార్కులేసి చార్టు గోడకు తగిలించారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

దగ్గరున్నదాన్ని మాత్రం ఎవరూ చూడరు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ అనంతపురమే. నీడ ఏ రంగు అని అడిగితే పిల్లలంతా నలుపంటారు. అక్కడి మేకతోలు బొమ్మ ఒకటి తెచ్చి తెర వెనక బల్బు వెలిగిస్తే ఎర్రగా, పచ్చగా నీడ పడుతుంది. తోలును గీకి పలుచన చేస్తారు కాబట్టి వెలుతురు దూరుతుంది, రంగు పూసినచోట ఆ రంగే దాటుతుంది. మా సైన్స్ మేడం దాంతోనే కాంతి పాఠం మొదలుపెడుతుంది.

ఇంకొకటి, ఇవన్నీ సబ్జెక్ట్ టీచర్ల నెత్తిన పెట్టి డ్రాయింగ్, సంగీతం టీచర్లు అక్కర్లేదనుకోవడం అన్యాయం. నాకు చప్పట్ల లెక్క తెలుసు గానీ తాళం నేర్పడం రాదు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడగానే డ్రాయింగ్ పీరియడ్ లాక్కునేది కూడా మా లెక్కలవాళ్ళమే, స్టాఫ్ రూంలో నేను దీనిమీద చాలాసార్లు గొడవపడ్డా.

కాబట్టి మీరు బడికి పోయి పాటలు ఆపమనొద్దు. ఆ పాటతో ఏ పాఠం చెప్పారో మీ పాపను అడగండి, చప్పట్లు కొట్టి చూపించమనండి. చూపిస్తే వదిలేయండి. చార్టులకు, థర్మాకోల్‌కు మళ్ళీ డబ్బులడిగితే మాత్రం పేరెంట్స్ మీటింగ్‌లో లేచి నిలబడి, ఇది ఇంట్లో కాకుండా క్లాసులోనే పిల్లల చేత చేయించండని అడగండి.